రుబ్బురోలు చప్పుడు కోసం అయిదు రోజులు

నిన్న పొద్దున్నే కాకినాడ వచ్చేశాను. సంచీ ఇంకా విప్పలేదు. కుడి మణికట్టు సలపరం తగ్గలేదు. అది తగ్గేలోపే రాసేయాలని కూర్చున్నాను. నొప్పితోపాటు చాలా సంగతులు పోతాయని నా భయం.

మా అక్క కొడుకు చిన్నా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో దెయ్యం సినిమాలు తీస్తాడు. చిన్నవే. మొదటిది ఏడు నిమిషాలు, రెండోది పదకొండు. ఇప్పుడు తీస్తున్నది పద్నాలుగు. దీనికి కథ నాది. నాది అనకూడదు, మా అమ్మమ్మగారి ఊరిది. కోనసీమలో వాళ్ళ పెరటిగోడ అవతల ఇంట్లో, అర్ధరాత్రి దాటాక రుబ్బురోలు తిరిగిన చప్పుడు వచ్చేదట. రుబ్బే కోడలు పోయి అప్పటికి రెండేళ్ళట. ఎనిమిదేళ్ళ వయసులో ఒక రాత్రి నేనూ విన్నాను. విన్నాననే ఈ రోజుకీ చెబుతాను. చిన్నా పసివాడిగా అన్నానికి పేచీ పెడితే ఈ కథ చెప్పే ముద్దలు పెట్టేదాన్ని.

"పిన్నీ, ఆ చప్పుడు ఎలా ఉండేదో నీకొక్కదానికే తెలుసు. నువ్వు రావాల్సిందే" అన్నాడు ఫోన్లో. సెలవు పెట్టి బయల్దేరాను.

నాకు దెయ్యం కథలంటే ప్రాణం. ఆ పిచ్చి అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, వారం వారం ఆ పేజీలు చింపి దాచి, అమ్మ బైండు చేయించుకుంది. నాకు చదవడం వచ్చాక ఆ బైండు బియ్యం డబ్బా వెనక దొరికింది. దాచింది నా కోసమేనని అమ్మ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

గురువారం: జుమేరాత్ బజార్

హైదరాబాదులో గురువారాన్ని జుమేరాత్ అంటారు. పురానాపూల్ దగ్గర ఆ రోజు పాత సామాన్ల సంత జరుగుతుంది. సినిమాలో అత్తగారి గదికి గంటలు కొట్టే గోడ గడియారం కావాలని చిన్నా పట్టు. ఆటోలో బయల్దేరాం. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక, ఇక్కడి నుంచి దగ్గరే కదా అని దిగి నడవడం మొదలుపెట్టాం. తప్పు గల్లీలో దూరాం.

ఎంతసేపు నడిచినా సంత రాలేదు. ముందుగా వాసన వచ్చింది, తర్వాత అరుపులు. జియాగూడ మేకల మండీకి వచ్చేశాం. వందల మేకలు, గొర్రెలు, వాటి మధ్యలో కర్రలు పట్టుకుని బేరాలాడే మనుషులు. వెనక్కి తిరుగుదామనేలోపు మాతో వచ్చిన సౌండ్ అమ్మాయి సంచీలోంచి రికార్డర్ తీసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కరీంనగర్ పిల్ల. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఒక మేక దగ్గర గొంతుక్కూర్చుని పావుగంట సేపు కదల్లేదు. దాని కాపరి ముందు అనుమానంగా చూశాడు. విషయం చెప్పాక తనే ఆ మేకను అరిపించడానికి దాని పిల్లను కాస్త అవతలికి తీసుకెళ్ళాడు. తల్లి అరిచిన అరుపు నా ఒళ్ళు జలదరించేలా ఉంది. డబ్బులిస్తే తీసుకోలేదు. "సినిమాల మా మేక గొంతు వస్తదా? గంతే చాలు" అన్నాడు.

సంతకు చేరేసరికి పదకొండు. నేల మీద గోనెసంచులు పరిచి పోశారు సామాన్లు. తుప్పు తాళాలు, ఇత్తడి చెంబులు, మూత లేని గ్రామఫోన్, ఎవరిదో పెళ్ళి ఫొటో ఫ్రేముతో సహా. ఆ ఫొటో దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఎవరింటి గోడ మీదో నలభై ఏళ్ళున్న మనుషులు ఇక్కడ పది రూపాయల స్క్రూడ్రైవర్ల పక్కన పడి ఉన్నారు. దెయ్యం కథ ఎక్కడ మొదలవుతుందని ఎవరన్నా అడిగితే ఆ ఫొటో చూపిస్తాను.

గడియారం దొరికింది. పద్దెనిమిది వందలు చెప్పాడు. నేను అయిదొందలన్నాను. మా కాకినాడలో అయితే ఇంత తగ్గించి అడిగితే తిడతారు. ఇక్కడ ఆయన నవ్వి, "జర సోంచాయించి చెప్పమ్మా" అని స్టూలు వేసి కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ తాగాక ఆరువందల యాభైకి తెగింది. నడవకపోతే ఎలా అంటే, "వచ్చే జుమేరాత్‌కు తెచ్చి ఇయ్యి, నేను ఈడ్నే ఉంట" అన్నాడు. బేరంలో ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు.

పక్కనే బేగంబజార్‌లో ఎర్ర గాజులు రెండు డజన్లు కొన్నాం. ఎందుకు ఎర్రవే అన్నది తర్వాత చెబుతాను.

శుక్రవారం: కృష్ణానగర్

కృష్ణానగర్ గల్లీల్లో పొద్దున్న ఏడింటికి వెళ్ళాలి. వేషాల కోసం వచ్చినవాళ్ళు, లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, ప్రొడక్షన్ వాళ్ళు అందరూ టిఫిన్ బండ్ల దగ్గరే ఉంటారు. బండి మీద ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, కారప్పొడి మీద నెయ్యి వేసిస్తాడు. నా పక్కన నిలబడి తింటున్న పెద్దాయనకు తెల్లటి గడ్డం, జడలు కట్టిన జుట్టు. నిజం గడ్డమే. పాతికేళ్ళుగా మంత్రగాడి వేషాలు వేస్తున్నాడట. "మాట ఒక్కటి ఉంటే రేటు వేరమ్మా. నాకెప్పుడూ 'హ్రీం' తప్ప మాట ఇయ్యలే" అన్నాడు. ఆ ఒక్క హ్రీం అక్కడే, ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకుని అని చూపించాడు. బండివాడి చేతిలో గరిటె ఆగిపోయింది.

మేకప్ అన్న గది మూడో అంతస్తులో. రక్తం ఆయనే కాస్తాడు. చక్కెర పాకం, ఎరుపు రంగు, చిటికెడు కాఫీ పొడి, ఒక్క చుక్క నీలం. నీలం పడకపోతే ఇప్పటి కెమెరాల్లో రక్తం రూహ్ అఫ్జా షర్బత్‌లా కనిపిస్తుందట. 1968లో అమెరికాలో జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు సుమారు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీసినప్పుడు రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి సరిపోయింది. ఈ సంగతి చెబితే మేకప్ అన్న సంతోషపడి, "మనం పాకం, వాళ్ళు చాక్లెట్. మొత్తానికి తీపే" అని ఒక చుక్క నా అరచేతిలో వేసి నాకమన్నాడు. బాగుంది.

అక్కడే చిన్నాకూ నాకూ వాదన వచ్చింది. వాడు తెల్ల చీర అద్దెకు తీసుకుందామన్నాడు. కృష్ణానగర్‌లో దెయ్యం చీరలు రోజుకు రెండొందలకు దొరుకుతాయి. నేను ఒప్పుకోలేదు. మా ఊరి కోడలు ముత్తయిదువగా పోయింది. ముత్తయిదువ పోతే పసుపు కుంకుమలతో, గాజులతో పంపుతారు. తిరిగొస్తే అలాగే వస్తుంది. తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు చూస్తే జనానికి ఇది దెయ్యం అని ముందే తెలిసిపోతుంది. తెలిసిపోయాక భయం ఏముంది? నిండు చేతులకు ఎర్ర గాజులతో ఒక ఇల్లాలు రుబ్బుకుంటుంటే, అది బతికున్న మనిషో కాదో తేల్చుకోలేకపోవాలి. సౌండ్ అమ్మాయి నా వైపు వచ్చింది. "గాజులు పొత్రానికి తాకితే మంచి సౌండ్ వస్తది అన్నా" అంది. చీర రద్దయింది. రెండొందలు మిగిలాయి.

మధ్యాహ్నం డబ్బింగ్ గదికి తీసుకెళ్ళారు. జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తు. గోడలకు పాత తివాచీలు కొట్టారు. గంటకు ఎనిమిది వందలు. తలుపు వేయగానే బయట కృష్ణానగర్ అంతా ఆరిపోయినట్టయింది. నా గుండె నాకే వినిపించింది.

అక్కడ సౌండ్ అమ్మాయి నాకు గంటసేపు చప్పుళ్ళు పుట్టించే పాఠం చెప్పింది. నా ప్రయాణం మొత్తంలో ఆ గంటే నాకు అన్నిటికన్నా విలువైనది. పచ్చి ములక్కాడ మెల్లగా వంచితే వేలు విరిగినట్టు. చెరకు తుంట ఫట్‌మనిపిస్తే కాలెముక. తడి తువ్వాలు బండకేసి కొడితే ఒళ్ళు మీద దెబ్బ. పాత మడతకుర్చీ కీలు దగ్గర మైకు పెడితే వందేళ్ళ తలుపు కిర్రు. "భయం కంట్లకెళ్ళి కాదక్కా, చెవులకెళ్ళి లోపలికొస్తది. కన్ను మూసుకోవచ్చు, చెవి మూసుకోలేం కదా" అంది.

నాకు తెలిసిన సంగతి నేనూ చెప్పాను. 1942లో వాల్ లూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్'లో ఒక అమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక అడుగుల చప్పుడు. ఆ అడుగులు ఆగిపోతాయి. ఏదో మీద పడబోతోందనుకునే క్షణంలో బుస్సుమని బస్సొచ్చి ఆగుతుంది. అంతే, మృగమూ లేదు ఏమీ లేదు. ఆ ఉలికిపాటుకు సినిమావాళ్ళు లూటన్ బస్ అనే పేరే పెట్టేసుకున్నారు. ఇక మన దగ్గర 2009లో వచ్చిన 'అరుంధతి'. పశుపతిగా కనిపించింది సోనూ సూద్, వినిపించింది రవిశంకర్. "వదల బొమ్మాళీ" అన్న ఆ గొంతు తీసేసి ఆ సినిమాను ఊహించండి. ఆ ఒక్క మాటతో ఆయన పేరు ముందు బొమ్మాళి ఇంటిపేరులా నిలిచిపోయింది.

రాత్రి మెస్సులో భోజనం, తొంభై రూపాయలు. పప్పుచారు బాగుంది. వడ్డించేవాడు నాకు రెండోసారి అన్నం పెడుతూ, "ఏం సినిమా అమ్మా?" అని అడిగాడు. దెయ్యం సినిమా అంటే, "కామెడీ ఉంటదా?" అన్నాడు. ఉండదన్నాను. "మరి ఎట్ల నడుస్తది?" అన్నాడు నిజమైన బెంగతో.

ఆ ప్రశ్న రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. 1992లో రామ్ గోపాల్ వర్మ 'రాత్రి'లో రేవతి ముఖం చూసి వణికిన తరం మాది. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక మన దెయ్యాలన్నీ నవ్వించడానికి వచ్చాయి. నవ్వడం నాకూ ఇష్టమే. కానీ నవ్వించే దెయ్యానికి పగ ఉండదు, దాని బాధ ఎవరూ వినరు. 2022లో 'మసూద' చూసినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నేను ఏడ్చినంత పని చేశాను, మనవాళ్ళకు మళ్ళీ భయపడే ఓపిక వచ్చిందని.

శనివారం రాత్రి: అల్వాల్

షూటింగ్ ఇల్లు పాత అల్వాల్‌లో. పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పెరడు. ఇంటి పెద్దమ్మ వెనక గదిలో ఉంటుంది, ఎనభై దాటాయి. ముందు భాగం ఆమె కొడుకు ఒక్క రాత్రికి ఆరువేలకు ఇచ్చాడు. చిన్నా మొత్తం ఖర్చు ఎనభై అయిదు వేలు. అందులో కెమెరా, లెన్సుల అద్దె పద్నాలుగు వేలు, లైట్లు తొమ్మిది వేలు, తొమ్మిది మందికి తిండి, ఆటోలు పదకొండు వేలు. మిగిలింది మేకప్‌కు, ఎడిటింగుకు, శబ్దానికి. జీతంలోంచి దాచినదే అంతా.

రుబ్బురోలు అద్దెకు తేవాలనుకున్నాం. పెరట్లోకి వెళ్తే గోడవార ఒకటి ఉంది, కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి అందులో. నలుగురు పట్టినా కదల్లేదు. కెమెరానే దాని దగ్గరకు తీసుకెళ్ళాం. నేను మూడుసార్లు కడిగాను. పొత్రం కోసం వెతికితే స్నానాల గది తలుపుకు అడ్డంగా దొరికింది.

పదింటికి మొదలుపెట్టాలి. పక్క వీధిలో బారాత్ వచ్చింది. డీజే పాటలకు పెంకులు అదురుతున్నాయి. వెళ్ళి ఆపమని అడగడం ఎవరికీ ఇష్టం లేదు, పెళ్ళివాళ్ళు కదా. పావు తక్కువ పన్నెండు దాకా కూర్చున్నాం. పెళ్ళివాళ్ళలో ఒకాయన మేం ఖాళీగా కూర్చోవడం చూసి, ప్లేట్లలో డబల్ కా మీఠా పంపించాడు. దెయ్యం మేకప్‌లో ఉన్న అమ్మాయే తలుపు తీసి అందుకుంది. తెచ్చిన కుర్రాడు ప్లేట్లు జారవిడవలేదు గానీ, మెట్లన్నీ వెనక్కి నడుచుకుంటూనే దిగాడు.

ఆ అమ్మాయి నల్లగొండ పిల్ల. నాటకాలు వేస్తుంది, చక్కటి నటి. కానీ రోలు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. పొత్రాన్ని గిన్నెలో గరిటెలా తిప్పుతోంది. రెండు టేకులు చూసి చిన్నా నా వైపు తిరిగాడు. "పిన్నీ, ముఖం ఆమెది, చేతులు నీవి." ఎర్ర గాజులు నా చేతులకు ఎక్కించారు. సైజు చాలక సబ్బు రాసి తోశారు, నాలుగు పగిలాయి. రెండు కిలోల మినప్పప్పు పొద్దున్నే నానబెట్టి ఉంచాను. పీట వేసుకు కూర్చుని, ఎడం చేత్తో పప్పు తోస్తూ కుడిచేత్తో పొత్రం తిప్పాను. ముందు గరగర. నీళ్ళు చిలకరించాక గుర్రుగుర్రుమంటూ బరువైన శబ్దం. పిండి జిగురు పట్టేకొద్దీ శబ్దం లోపలికి పోతుంది. నా ఎనిమిదో ఏట గోడ అవతల వినిపించింది ఈ మూడోదే. చేతుల్లోకి దానంతటదే వచ్చింది. ఎదురుగా హెడ్‌ఫోన్లతో కూర్చున్న పిల్ల కళ్ళు మూసుకుంది.

ఆటంకాలు తక్కువేం కాదు. గడియారం టిక్‌టిక్ ప్రతి టేకులోనూ వస్తుంటే దాన్ని ఆపేశారు. అంత బేరమాడి కొన్నది గోడ మీద బొమ్మలా ఉండిపోయింది. బొల్లారం వైపు రైలు వెళ్ళినప్పుడల్లా ఆగాం. వేలు నలిగే షాటుకు పాకం రక్తం పోస్తే అయిదు నిమిషాల్లో చీమలు బారులు తీరాయి. చీమలతో సహా తీసేశాడు కెమెరా అబ్బాయి. మధ్యలో సౌండ్ అమ్మాయి అందరినీ కదలొద్దని చెప్పి ఒక నిమిషం పెరటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసింది. ప్రతి చోటికీ దాని నిశ్శబ్దం దానికి ఉంటుందట, ఒకచోటిది ఇంకోచోట అతకదట. ఆ నిమిషంలో తొమ్మిది మంది డిసెంబరు చలిలో ఊపిరి కూడా మెల్లగా పీల్చారు. ఎక్కడో కుక్క మొరిగి ఆగింది.

రెండింటికి వెనక గది తలుపు తీసుకుని పెద్దమ్మ వచ్చింది. మేం నిద్ర చెడగొట్టామని తిడుతుందనుకున్నాం. చేతిలో సర్వపిండి ఉంది, వేడివేడిగా, పల్లీలు నువ్వులు వేసి చేసింది. "తినుండ్రి. పొయ్యి ముట్టిచ్చుకుని చాన దినాలైంది" అంది. తింటూ కథ చెప్పాడు చిన్నా. రాత్రి రుబ్బే దెయ్యం, ఆ చప్పుడుకు లేచే అత్తగారు, చివర్లో దెయ్యం తల తిప్పి చూడడం. ఆమె చివరిదాకా విని నా గాజుల చేతులు చూసింది.

"రాత్రి రుబ్బేది దయ్యమెందుకైతది బిడ్డా? కోడలే" అంది. "పద్నాలుగు మంది ఉండేటోళ్ళం ఈ ఇంట్ల. పొద్దుగాల లేస్తే యాడైతది? గీ రోట్లెనే రుబ్బేది నేను. మా అత్త మంచం గీడ్నే ఏసుకునేది. సప్పుడు ఇనుకుంట మంచిగ నిద్రపోతుండె. జర ఆగినమా, దిగ్గున లేసి కూసునేది."

ఎవరూ మాట్లాడలేదు. చిన్నా సర్వపిండి ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. కాసేపటికి కెమెరా అబ్బాయిని పక్కకు పిలిచి, తల తిప్పే షాటు తియ్యొద్దని చెప్పాడు. కళ్ళకు పెట్టే తెల్ల లెన్సులు, పుండ్ల మేకప్, వాటికి పెట్టిన ఏడువేలు అన్నీ పోయాయి. అత్తగారు చప్పుడుకు లేవదిప్పుడు. చప్పుడు ఆగితే లేస్తుంది.

మేకప్ అన్న మూడు గంటలు కూర్చుని వేసిన ముఖం తనే కడిగాడు. బాధపడ్డాడేమోనని అడిగాను. "కనపడే దయ్యం నా చేతిల పని. కనపడనిది నాతోని కాదు, అది పెద్ద పని" అన్నాడు.

ఆదివారం: అబిడ్స్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్

మధ్యాహ్నం దాకా అందరం పడుకున్నాం. మూడింటికి నేనొక్కదాన్నే అబిడ్స్ వెళ్ళాను. ఆదివారం షాపులు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఎంట్రన్స్ పరీక్షల పుస్తకాల గుట్టల అడుగున తెలుగు నవలలు ఉంటాయి, ఓపికుండాలి. గంటన్నర వెతికాక ఒక బైండు దొరికింది. వారపత్రికల పేజీలు, వేరే ఏదో సీరియల్, మొదటి పేజీ మీద ఎవరో స్త్రీ చేతిరాత: "ఇచ్చినవారు తిరిగి అడుగుతారు, జాగ్రత్త." నూటయాభై చెబితే బేరమాడలేదు. మా అమ్మ ఒక్కతే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మొజాంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిని, రాత్రికి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చేరాను. చిన్నా, వాడి మిత్రులు నలుగురు అక్కడ కలిశారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, ఊళ్ళోకి వచ్చిన ప్రతి దెయ్యం సినిమా మొదటి వారంలోనే సెకండ్ షో చూస్తారు. డబ్బింగ్ సినిమా ఒకటి నడుస్తోంది. బాల్కనీ నూటయాభై. సినిమా గొప్పదేం కాదు. జనం గొప్పవాళ్ళు. హీరోయిన్ సెల్లార్‌లోకి దిగుతుంటే కిందినుంచి ఒకడు "వద్దక్కా, మాట విను" అని అరిచాడు. అయినా దిగింది. "నీ ఖర్మ" అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత ఒకచోట సంగీతం ఆగిపోయింది. అరనిమిషం పాటు తెర మీద ఖాళీ కారిడార్. అరిచినవాడు అరవలేదు. నా పక్క సీటు కుర్రాడు తెలియకుండానే నా కొంగు అంచు పట్టుకున్నాడు. సినిమా అయ్యాక గుర్తొచ్చి, "సారీ ఆంటీ" అని తల వంచుకున్నాడు. నేనూ అంతకు ముందే కుర్చీ చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఉన్నానని చెప్పాను.

బయట చాయ్ దగ్గర పిల్లలు వాదించుకున్నారు. అమెరికా దర్శకుడు సామ్ రైమీ తన దెయ్యం సినిమా 'ఈవిల్ డెడ్'కు డబ్బు పుట్టించడానికి ముందు ఒక చిన్న సినిమా తీసి, దాన్ని చూపించి పెట్టుబడి అడిగాడు. 1981లో అసలు సినిమా పూర్తయింది. చిన్నా కూడా అలాగే ఈ పద్నాలుగు నిమిషాలను పట్టుకుని నిర్మాతల దగ్గరకు వెళ్ళాలంటారు వాళ్ళు. వాడికి అంత తొందర లేదు. "ముందు ఇది ఒక్కరిని భయపెట్టాలి" అన్నాడు. యూసుఫ్‌గూడకు ఆటో రెండొందల ఇరవై అడిగాడు, ఆ వేళకు న్యాయమే.

సోమవారం: మళ్ళీ కృష్ణానగర్

రాత్రి నా రైలు. పొద్దున్నుంచీ అదే తివాచీల గదిలో ఉన్నాం. ఎడిటింగు ఇంకా కచ్చాగానే ఉంది, కానీ నేను వెళ్ళేలోపు ఒక్కసారి శబ్దంతో వినిపించాలని పిల్లలు నిద్ర మానుకున్నారు.

లైటు ఆర్పారు. పదకొండో నిమిషం దాకా దాదాపు మాటలు లేవు. గోడ అవతల నా రోలు తిరుగుతోంది. దాని అడుగున ఇంకేదో ఉంది, చాలా లోతుగా, మనిషి మూలుగో గాలో తెలియకుండా. ఏమిటని అడిగాను. జియాగూడ తల్లిమేక అరుపట, వేగం బాగా తగ్గించి కలిపింది ఆ పిల్ల. పిల్ల కోసం అరిచిన అరుపు అది. నాకు తెలిసి విన్నా కడుపులో తిప్పింది.

తర్వాత రోలు ఆగింది. మెల్లగా తగ్గలేదు, సగం చుట్టులో ఆగింది. మంచం మీద అత్తగారు కళ్ళు తెరిచింది. పెరటి తలుపు అవతల ఏం కనిపించదు, కనిపించేంత వెలుగే లేదు. అల్వాల్‌లో పట్టిన ఆ ఒక నిమిషం నిశ్శబ్దం, కుక్క మొరుగుతో సహా, అలాగే వాడారు. ఆ పప్పు రుబ్బింది నేనే, పొత్రం తిప్పింది నేనే, ఆపమన్నప్పుడు ఆపింది నేనే. అయినా ఆ నిమిషంలో వెనక్కి తిరిగి తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాను.

చిన్నా ఏమీ అడగలేదు. నా మొహం చూసి ఊరుకున్నాడు. తర్వాత అల్వాల్ పెద్దమ్మకు వినిపించాలన్నాడు. ఆమె కొడుకుకు ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టమని, చివరి మూడు నిమిషాలు స్పీకరు పక్కన ఫోను పెట్టి వినిపించాం. బొమ్మ లేదు, చప్పుడొక్కటే. రోలు తిరిగింది, ఆగింది. అవతలినుంచి ఏమీ రాలేదు. ఫోను కట్టయిందేమోనని చిన్నా చేతిలోకి తీసుకున్నాడు.

"పప్పు ఇంకా నలగలే" అంది పెద్దమ్మ. గొంతు వేరేగా ఉంది, గట్టిగా. "అప్పుడే ఎందుకాపినవే?"

గదిలో ఒక్కళ్ళూ కదల్లేదు. సౌండ్ అమ్మాయి ముందుగా తేరుకుంది. మైకు ఫోను దగ్గరికి జరుపుతూ, "అవ్వా, గదే మాట ఇంకొక్కసారి అంటవా? నీకిష్టమైతే రికార్డు చేస్కుంట" అంది.